తెలుగు క్రైస్తవ గృహంలో కుటుంబ ప్రార్థన

తెలుగునాట క్రైస్తవ మత చరిత్ర వ్రాసినవారు చాలవరకు దానిని సంఖ్యలతోనే వ్రాసినారు. ఏ మిషను ఏ సంవత్సరంలో వచ్చినది, ఏ దొర ఏ ఊరిలో కాలు మోపినాడు, ఎందరు బాప్తిస్మం పొందినారు, ఎన్ని పాఠశాలలు వెలసినవి అనే లెక్కలలో ఆ చరిత్ర ఇమిడిపోయినది. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినాన 2222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ఈ గ్రంథాలన్నింటిలోను ప్రముఖంగా కనిపిస్తుంది. ఆ సంఖ్య ఆశ్చర్యకరమైనదే. కాని చరిత్రకారుడు అడుగవలసిన అసలు ప్రశ్న ఆ సంఖ్యకు ఆవల ఉన్నది. నదినుండి వెలికి వచ్చిన ఆ మనుష్యులు తమ తమ పల్లెలకు మరలిపోయినారు. వారిలో అత్యధికులకు అక్షరం రాదు. ఊరికొక గుడి లేదు. ఊరికొక బోధకుడు లేడు. అప్పటికి రెండేండ్లుగా పీడించిన కరవునుండి వారింకా తేరుకొనలేదు. అటువంటి ఇంట, మరునాటి సాయంకాలం దీపం పెట్టిన తరువాత, ఏమి జరిగినది? ఆ సాయంకాలాలే లేకపోతే నదీతీరంలోని ఆ ఉదయం ఒక జ్ఞాపకంగా మాత్రమే మిగిలి ఉండెడిది.

తెలుగు క్రైస్తవం నిలిచినది ప్రధానంగా ఇంటిలోనే. ఇంటిలో నిలవడానికి అది తెలుగు ఇంటికి అలవాటైన రూపాలను ఆశ్రయించినది. సాయంకాలం అందరూ ఒకచోట కూర్చుండడం, ఒకరు పల్లవి ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనడం, వినికిడివలన కంఠస్థమైన మాటను పిల్లలకు అందించడం అనేవి దేవాలయ నిర్మాణానికి ముందే ఏర్పడిన వ్యవస్థలు. వీటిని గూర్చి సాహిత్య చరిత్రలు మౌనం వహించినవి. నిఘంటువులను, వ్యాకరణాలను, బైబిలు అనువాదాలను పేర్కొని క్రైస్తవుల భాషాసేవను ముగించడం ఆచారమైపోయినది. ఇంటిలో పాడుకొన్న పాట, ఇంటిలో చేసుకొన్న ప్రార్థన సాహిత్యం కాదా అన్న విచారణ ఇప్పటికీ సరిగా జరుగలేదు.

తెలుగులో తొలినాటి క్రైస్తవ కావ్యాలలో ఒకటిగా పేర్కొనబడే పింగళి ఎల్లనార్యుని తోభ్యచరిత్రము ఈ సందర్భంలో స్మరింపదగినది. బైబిలు కథలు అనేకం ఉండగా ఆ కవి స్వీకరించినది తోబితు కథ. రాజులు, యుద్ధాలు అందులో ప్రధానం కావు. చూపు కోల్పోయిన తండ్రి, బాకీ రాబట్టడానికి దూరదేశం వెళ్లిన కుమారుడు, తోడుగా వచ్చిన దేవదూత, పెండ్లినాటి రాత్రి వధూవరులు కలిసి చేసిన ప్రార్థన, తిరిగి వచ్చిన కుమారుని చేతిమీదుగా తండ్రికి చూపు రావడం—ఇదీ కథ. ఆసాంతం ఇది ఒక కుటుంబం భక్తిని నిలుపుకొన్న వృత్తాంతం. తండ్రి మాట, కోడలి రాక, కొడుకు ప్రయాణం తెలుగు శ్రోతకు కొత్తవి కావు. ఇందులో ఒక చారిత్రక వైపరీత్యం కూడా ఉన్నది. తోబితు గ్రంథం కతోలికుల బైబిలులో కలదు; ప్రొటెస్టెంటుల బైబిలులో లేదు. అందుచేత పందొమ్మిదవ శతాబ్దంలో పల్లెపల్లెకు వ్యాపించిన ప్రొటెస్టెంటు కుటుంబాలకు ఈ గృహకథ అందనే లేదు. వారు తమ ఇంటి భక్తికి వేరొక ఆధారం వెదకుకొనవలసి వచ్చినది.

ఆ ఆధారాలలో మొదటిది ప్రశ్నోత్తర రూపమైన ఒక చిన్న పుస్తకం. 1529లో మార్టిన్ లూథర్ జర్మను భాషలో తన చిన్న ప్రశ్నోత్తరిని ప్రకటించినాడు. అది ప్రధానంగా గృహయజమానిని ఉద్దేశించినది. పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణాన్ని, ప్రభువు నేర్పిన ప్రార్థనను ఇంటి పెద్ద తన ఇంటివారికి సులభంగా ఎట్లు బోధింపవలెనో అందులో ఉన్నది. ఉదయం లేవగానే, రాత్రి పండుకొనబోయే ముందు, భోజనానికి కూర్చున్నప్పుడు చేసుకొనవలసిన ప్రార్థనలను కూడా లూథర్ దానికి చేర్చినాడు. ఇంటినే ఒక చిన్న సంఘంగా భావించిన పుస్తకం అది. మద్రాసులో తెలుగువారి మధ్య పనిచేసి 1743లో స్వదేశం చేరిన బెంజమిన్ షుల్జ్ ఈ ప్రశ్నోత్తరిని తెలుగు చేసి, జర్మనీలోని హాలే నగరంలో అచ్చు వేయించినాడు. 1746–47 సంవత్సరాలలో అక్కడ వెలువడిన ఆ చిన్న పుస్తకాలను తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలుగా పరిగణిస్తున్నారు. షుల్జ్ అంతకుముందే చేసిన బైబిలు అనువాదం మాత్రం అచ్చునకు నోచుకొనలేదు. మహాగ్రంథం వ్రాతప్రతిగా మిగిలిపోగా, తండ్రి బిడ్డలను కూర్చుండబెట్టుకొని చెప్పవలసిన చిన్న పాఠం అచ్చులో ముందు నిలిచినది. తెలుగు ముద్రణ చరిత్ర ఆరంభంలోనే ఒక గృహపాఠం ఉన్నదన్న విషయం గమనింపదగినది.

అయితే అచ్చయిన పుస్తకం వేరు, ఇల్లు వేరు. ఆ పుస్తకం ఊహించుకొన్న ఇంటిలో చదువు వచ్చిన తండ్రి ఉన్నాడు; భర్తతో ఏకీభవించిన భార్య ఉన్నది; అడిగిన ప్రశ్నకు బదులు చెప్పే బిడ్డలు, పక్కన నిలిచి వినే పనివారు ఉన్నారు. తెలుగునాట తొలి దశలో క్రైస్తవులైనవారికి అట్టి ఇల్లు సాధారణంగా లేదు. అగ్రవర్ణాలలో మతం మారినవాడు తరచు ఒంటరివాడు. బందరులో నోబుల్ దొర 1843లో స్థాపించిన పాఠశాలలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందినప్పుడు పట్టణంలో గొప్ప కలకలం రేగినది. తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మానిపించినారు. ఒక యువకుడు ఇల్లు విడిచి వెళ్లడమంటే తల్లికి కొడుకు, భార్యకు భర్త బ్రతికి ఉండగానే దూరం కావడం. ఆనాటి శాసనాలు సైతం ఈ బాధకు సాక్ష్యం చెప్పుచున్నవి. మతం మారినవానికి వారసత్వపు హక్కు పోరాదని 1850లో ఒక చట్టం వచ్చినది. మతం మారిన కారణాన విడిచిపెట్టిన భార్యాభర్తల వివాహ విచ్ఛేదం నిమిత్తం 1866లో మరొకటి వచ్చినది. 1872లో క్రైస్తవ వివాహ చట్టం వచ్చినది. ఆస్తి, విడాకులు, వివాహం అనే మూడు విషయాలలో ప్రభుత్వం కలుగజేసుకొనవలసి వచ్చినదంటే, క్రొత్త విశ్వాసం మొదట తాకినది ఇంటి గోడనే అన్నది స్పష్టం. కుటుంబ సమైక్యతను బోధించే మతం అనేక కుటుంబాలను చీల్చుకొని ప్రవేశించినది. ఈ విషాదాన్ని దాచిన చరిత్ర సత్యమైన చరిత్ర కాజాలదు.

ఒంగోలు ప్రాంతంలో పరిస్థితి వేరు. అక్కడ వ్యక్తులకంటె కుటుంబాలు కదలినవి. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందినప్పుడు ఆయన భార్య నాగమ్మయు ఆయనతోపాటు పొందినది. పేరయ్య మాదిగ కులస్థుడు. అంతకుముందే యోగమార్గంలో ఉపదేశం పొంది, గురువుల సాంగత్యం చేసినవాడు. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లఫ్ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ అక్కడి వృద్ధులనుండి విన్న వృత్తాంతాలను 1899లో పుస్తకంగా ప్రకటించినది. ‘చెప్పులు కుడుతూ’ అని అర్థం వచ్చే పేరు దానికి పెట్టినది. మాదిగవాడలలో సంచరించిన గురువుల విషయం, పోతులూరి వీరబ్రహ్మంగారి సంప్రదాయం ఆ వాడలను తాకిన విషయం ఆ పుస్తకంవలన తెలియుచున్నవి. దీనిని చదివినవారికి ఒక సంగతి బోధపడుతుంది. మిషనరీలు వచ్చేవరకు ఆ వాడలు భక్తి ఎరుగని చీకటిలో ఉన్నవన్న మాట నిజం కాదు. గురువు ముందు కూర్చుండడం, తత్త్వం పాడుకొనడం, ఒక పదాన్ని పదిమంది కలిసి అందుకొనడం అక్కడ ముందే ఉన్నవి. కుటుంబ ప్రార్థన ఆ పాత చాపమీదనే కూర్చున్నది.

క్లఫ్ తన సంఘంలో చేరేవారికి మూడు నియమాలు పెట్టినాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజింపరాదు. పైకి ఇవి మతనియమాలుగా కనిపించును. ఆచరణలో ఈ మూడును ఇంటిని పట్టుకొన్నవి. ఆదివారం పని మానడమంటే రైతు కపిలబానకు చిరుగు పడ్డప్పుడు వెళ్లకపోవడం. వెళ్లకపోతే కళ్లంలో మేర దక్కదు. చచ్చిన పశువు మాంసం మానడమంటే ఆ పూట కుండలో ఉడికేది తగ్గిపోవడం. విగ్రహపూజ మానడమంటే ఊరి జాతరలో డప్పు కొట్టకపోవడం. దానివలన ఊరి పెద్దల ఆగ్రహానికి గురికావడం. పొలం, పొయ్యి, గూటిలోని దేవత అనే మూడు చోట్ల ఇల్లు ఒక్కసారిగా మారవలసి వచ్చినది. ఇంటిల్లిపాది సమ్మతి లేనిదే ఇందులో ఒక్క నియమమైనా నిలవదు. పురుషుడు ఒక్కడే బాప్తిస్మం పొంది వచ్చి, వండే ఆమె ఒప్పుకొనకపోతే రెండవ నియమం ఆ పూటతో ముగిసినట్లే. అందుచేత ఈ ఉద్యమంలో స్త్రీల పాత్ర ఒక అనుబంధం కాదు, అది మూలమే.

స్త్రీల ప్రస్తావన ఒంగోలు కథ ఆరంభంలోనే ఉన్నది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ ఒంగోలు పక్కనున్న కొండపై ప్రార్థన చేసినప్పుడు ఆయనతో ఉన్నవారు నలుగురే. వారిలో జూయెట్ భార్య, నెల్లూరు జూలియా, రూతు అనే ముగ్గురు స్త్రీలు. తరువాతి కాలంలో ‘బైబిలు స్త్రీలు’ అని పేరుపొందిన ఉపదేశినులు ఇంటింటికి వెళ్లి, వంటింటి గడపలో కూర్చుండి, చదివి, పాడి, కథ చెప్పినారు. పురుష బోధకుడు చావడివద్ద ఆగిపోయిన చోట వారు లోపలికి పోగలిగినారు.

డోర్నకల్ అధ్యక్ష మండలంలో ఈ గృహదృష్టికి ఒక క్రమం ఏర్పడినది. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన వి. ఎస్. అజరయ్య తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన ఆధ్వర్యాన డోర్నకల్‌లో వెలసిన దేవాలయం 1939లో ప్రతిష్ఠితమైనది. దానిని గూర్చి వ్రాసినవారు అనేకులు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గ్రామస్త్రీల మధ్య నడిపిన తల్లుల సంఘాన్ని గూర్చి వ్రాసినవారు స్వల్పం. దాంపత్య ధర్మం, పిల్లల పెంపకం, ఇంటి శుభ్రత, ఇంటి ప్రార్థన—ఇవి ఆ సంఘపు పాఠాలు. దక్షిణ భారత సంఘాలలో వ్యాపించిన ‘పిడికెడు బియ్యం’ ఆచారం కూడా ఇంటి మతమే. ప్రతి పూట వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరుగా ఒక కుండలో వేసి, ఆదివారంనాడు గుడికి తెచ్చి అర్పించును. దీనికి చదువు అక్కరలేదు, ధనం అక్కరలేదు. బిచ్చమెత్తేవానికి గుప్పెడు గింజలు వేసే తెలుగు ఇల్లాలి చేతికి ఆ అలవాటు కొత్తదీ కాదు. రోజుకు రెండుసార్లు పొయ్యి ముందు జరిగే ఆ చిన్న క్రియ ఒక ప్రార్థనయే.

లూథర్ పుస్తకం ఊహించిన క్రమం తెలుగు పల్లెలో మరొక విధంగా తలక్రిందులైనది. తండ్రి అడుగవలెను, బిడ్డ చెప్పవలెను అన్నది ఆ పుస్తకపు పద్ధతి. కాని పల్లెలో తండ్రికి అక్షరాలు రావు. మిషను బడికో, రాత్రి బడికో వెళ్లిన బిడ్డకు వచ్చును. కాబట్టి కిరసనాయిలు బుడ్డి దగ్గర బైబిలు విప్పి చదివేది ఎనిమిదేండ్ల బాలుడో, పదేండ్ల బాలికయో. తల వంచి వినేది తల్లిదండ్రులు. తరతరాలుగా చదువును గుమ్మంలోనికి రానీయని సమాజంలో, ఆ ఇంటి చిన్నబిడ్డ గొంతునుండి తెలుగు గ్రంథం వినిపించడం సామాన్య సంఘటన కాదు. ఆ బిడ్డ తడబడుతూ చదివిన వాక్యాన్ని తల్లి మరునాడు కలుపు తీస్తూ మననం చేసుకొనును. వాక్యం మరచినా దాని సారం మరువదు. ఒకరికి అక్షరం, మరొకరికి జ్ఞాపకం, ఇంకొకరికి గొంతు—ఇట్లు ఇంటిలోని వారందరూ కలిస్తేనే ఒక పాఠకుడు ఏర్పడినాడు. కుటుంబ సమైక్యత అన్న మాటకు ఇంతకంటె గట్టి నిదర్శనం వెదకనక్కరలేదు.

ప్రార్థన భాషలో కూడా ఒక విశేషమున్నది. ప్రభువు నేర్పిన ప్రార్థనను తెలుగు క్రైస్తవులు ‘పరలోక ప్రార్థన’ అందురు. అందులో దేవునికి సంబోధన ‘మా తండ్రీ’ అని. తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. వినేవానిని కలుపుకొంటే ‘మన’. వినేవానిముందు పలికేవారందరూ ఒకటిగా నిలబడితే ‘మా’. దేవుడే వినేవాడు కనుక ఇక్కడ ‘మా’ అన్నదే వ్యాకరణం. కాని వ్యాకరణానికి మించిన ఆత్మీయత కూడా ఇందులో ఉన్నది. తెలుగు బిడ్డ ఒంటరిగా ఉన్నను ‘నా నాన్న’ అనదు. ‘మా నాన్న’ అనును. ‘నా ఇల్లు’ అనదు. ‘మా ఇల్లు’ అనును. తోబుట్టువులు ఉన్నను లేకున్నను ఇంటిని బహువచనంలో చెప్పుకొనడం ఈ భాష స్వభావం. అనేక భాషలలో ‘మా’ అన్న మాట ఆ ప్రార్థనకోసం ప్రత్యేకంగా నేర్పవలసిన భావం. తెలుగులో అది బిడ్డ నోట ముందే ఉన్న మాట. ఈ ప్రార్థన తెలుగు ఇంటిలో ఇంత సులభంగా ఇమిడిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చును.

ప్రశ్నోత్తరి బడిపాఠంగా మారినది, ప్రార్థన కంఠస్థమైనది, ఇంటిని నిజంగా ఆక్రమించినది మాత్రం కీర్తన. ఈ ఘనత ప్రధానంగా పురుషోత్తమ చౌదరిది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890లో కీర్తిశేషుడైన ఆయన నూటికి పైగా కీర్తనలు రచించినాడు. మిషనరీలు తమ దేశపు పాటల వరుసలకు తెలుగు మాటలు పేర్చి ఇచ్చినారు. ఆ పాటలలో మాట ఒక దారి, తాళం ఒక దారి అయ్యెడివి. గురువులఘువులు విదేశపు అడుగులకు లొంగలేదు. చౌదరి రాగ తాళాలతో, పల్లవి చరణాలతో, యతిప్రాసల మర్యాద తెలిసిన పదాలతో కీర్తన వ్రాసినాడు. భజన గోష్ఠిలో పెరిగిన చెవికి అది పరాయి పాట అనిపించలేదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అన్న సంకలనంలో నేటికీ పాటల శీర్షికలవద్ద రాగతాళాల పేర్లు కనిపించును. ఆ రాగాల పేర్లు తెలియని వారే ఆ పాటలను వరుస తప్పక పాడుదురు. శాస్త్రం పుస్తకంలో ఉన్నది. వరుస అమ్మమ్మ గొంతులో ఉన్నది.

చౌదరి జీవితాన్నీ, ఆయన పాటలు నిలిచిన ఇండ్లనూ పక్కపక్కన పెట్టి చూచినప్పుడు ఒక విశేషం స్ఫురించును. పుట్టిన సమాజానికి దూరమైన కవి వ్రాసిన పాట, ఆ సమాజం తన గడపకు దూరంగా ఉంచిన కుటుంబాలను ఒకచోట కూర్చుండబెట్టినది. సంస్కృత పదభూయిష్ఠమైన ఆయన కీర్తనలు సంస్కృతం వినడానికే అర్హత లేదనిపించుకొన్న వాడలలో ప్రతి సాయంకాలం మ్రోగినవి. అర్థం చెప్పేవారు లేకపోయినా, పాడగా పాడగా పదం సొంతమైనది. ‘కరుణ’, ‘కృప’, ‘దయ’, ‘రక్షణ’ వంటి మాటలు బిడ్డల పేర్లుగా కూడా స్థిరపడినవి: కరుణమ్మ, కృపమ్మ, దయామణి. ఇంటిపేరు మాత్రం పాతదే నిలిచినది. పాత ఇంటిపేరు, కొత్త భక్తిపేరు కలిసిన ఆ పేరులోనే ఈ చరిత్ర యావత్తు సంగ్రహంగా ఉన్నది.

సంఘాల చరిత్రలో మరొక విశేషం కలదు. మిషన్లు తెలుగునాడును ప్రాంతాలుగా పంచుకొన్నవి: ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులకు, గుంటూరు, రాజమండ్రి ప్రధానంగా లూథరన్లకు, బందరు, డోర్నకల్ ఆంగ్లికన్లకు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడి అనేక శాఖలు ఏకమైనప్పుడు బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. బాప్తిస్మ విధానంలో భేదమున్నది. సంఘ పరిపాలనలో భేదమున్నది. కాని ఒంగోలు బాప్టిస్టు ఇంటి కోడలు గుంటూరు లూథరను ఇంటి ఆడపడుచు అయినప్పుడు, సాయంకాలం ఎత్తుకొనే పాట ఒక్కటే. వేదాంతులు సాధింపలేని ఐక్యత వంటింటి పక్క గదిలో చాలకాలం క్రిందటనే సిద్ధించినది.

1933లో వాస్కం పికెట్ భారతదేశంలోని సామూహిక క్రైస్తవ ఉద్యమాలను గూర్చిన గ్రంథం ప్రకటించినాడు. తెలుగు ప్రాంతాలు కూడా ఆ పరిశీలనలో చేరినవి. పరలోక ప్రార్థన వచ్చునా, పది ఆజ్ఞలు వచ్చునా, విశ్వాస ప్రమాణం వచ్చునా అని కుటుంబాలను అడిగి లెక్కలు వేసినారు. గుంపులుగా చేరినవారికి విశ్వాసం ఉండునా అన్న విమర్శకు అది సమాధానంగా పనికివచ్చినది. అట్టి లెక్కకు విలువ ఉన్నది. అయితే ఎవరికెన్ని ఆజ్ఞలు వచ్చునన్నది లెక్కకు అందును. జ్వరపడిన బిడ్డ పక్కన రాత్రి తెల్లవార్లూ పాడిన తల్లి గొంతు అందదు. ఇంటి చరిత్ర వ్రాయడంలోని కష్టమంతా ఇదే.

లెక్కకు అందని ఈ బలానికి సముద్రం అవతల ఒక నిదర్శనం దొరుకుచున్నది. 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు భారతీయులు కూలి ఒప్పందాలపై వలసపోయినారు. వారిలో తెలుగు బాప్టిస్టు కుటుంబాలు కూడా ఉన్నవి. నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య వారికోసం 1903లో అక్కడికి వెళ్లి, ఆ సంవత్సరాంతంలోనే కీయర్స్నీ అనే చోట తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించినాడు. వెళ్లిన కొద్ది నెలలలోనే సంఘం ఏర్పడినదంటే అక్కడ పునాది అప్పటికే ఉన్నదని అర్థం. ఆ పునాది వేసినవారు పాస్టర్లు కారు. తోటలోని కూలి గదులలో, ఊరిని, భాషను, బంధువులను విడిచివచ్చిన కుటుంబాలు నిలుపుకొన్న భక్తియే ఆ పునాది. అక్కడ తెలుగు పాట మతాన్ని నిలిపినది. మతం తెలుగును నిలిపినది.

ఇంతమాత్రాన ఈ గృహభక్తిని లోపరహితంగా చిత్రించడం న్యాయం కాదు. ఇల్లు కలిపినంత సులభంగా విడదీయగలదు. ఒకే ప్రభువును ప్రార్థించిన మాల, మాదిగ కుటుంబాలు చాలచోట్ల వేరువేరుగానే ప్రార్థించినవి. పెండ్లి సంబంధాల విషయంలో కులం గడప దాటలేదు. ‘మా’ అన్న మాటకు హద్దు కుటుంబమా, కులమా, సమస్త జనమా అన్న ప్రశ్న ప్రతి ఇంటిలోను ఉన్నది. చాల ఇండ్లు దానిని అడుగకుండ దాటవేసినవి. ఆ ప్రశ్న అడిగినవాడు గుఱ్ఱం జాషువ. 1895లో వినుకొండలో జన్మించిన ఆయన తల్లిదండ్రులు వేరువేరు కులాలవారు, క్రైస్తవులు. సరిహద్దు ఆయన పుట్టిన ఇంటిలోనే ఉన్నది. వాడలలో కీర్తనగా వినిపించిన క్రీస్తు కథను ఆయన పద్యంలోనికి తెచ్చినాడు. ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. కీర్తన ఇంటివారిని కలిపినది. పద్యం ఆ ఇంటి గొంతును పండిత సభకు వినిపించినది. 1971లో ఆయన మరణించేనాటికి ఆ గొంతును కాదనగలవారు లేకపోయినారు.

నేడు బుడ్డిదీపం లేదు. పిల్లవాడు తడబడుతూ చదివేవరకు ఆగవలసిన అవసరం లేదు. గ్రంథమంతా చేతిలోని ఫోనులో వినిపించును. పాటలు కొత్త వాద్యాలతో, కొత్త వరుసలతో వచ్చినవి. నెల్లూరులో తల్లి, హైదరాబాదులో కొడుకు, అమెరికాలో కూతురు ఒకే వేళకు తెరల ముందు కూర్చుండి కలిసి ప్రార్థించుకొనుచున్నారు. కొత్త ఇల్లు కట్టుకొంటే గృహప్రతిష్ఠ, బిడ్డకు నెమ్మదిస్తే కృతజ్ఞత కూడిక, పెద్దవారు పోతే జ్ఞాపకార్థ కూడిక—ఇంటిని కేంద్రంగా చేసుకొన్న ఆచారాలు నిలిచియే ఉన్నవి. రూపం మారినంతమాత్రాన భక్తి పోయినదని విలపించనక్కరలేదు. కాని పాత వరుసలు పోవుచున్నవి. పుస్తకంలో రాగం పేరు అచ్చయి ఉన్నను, ఆ రాగాన్ని ఒంగోలు పల్లెలో ఎట్లు వంచినారో, శ్రీకాకుళంలో ఎట్లు సాగదీసినారో, ఏ చరణాన్ని ఏ ఇల్లు తన కష్టానికి అనుగుణంగా మార్చుకొన్నదో అచ్చు చెప్పజాలదు. అది తెలిసిన గొంతులు ఒక్కొక్కటిగా ఆగిపోవుచున్నవి.

జానపద గేయాలను, స్త్రీల పాటలను, తత్త్వాలను సేకరించి సాహిత్య చరిత్రలో వాటికి స్థానం కల్పించిన తెలుగు పండితులు క్రైస్తవ గృహాల పాటను మతసామగ్రిగా భావించి పక్కన పెట్టినారు. క్రైస్తవ సంఘాలవారు దానిని ఆరాధన సామగ్రిగా భావించి సాహిత్య విచారణకు తేలేదు. ఇరువురి ఉపేక్ష నడుమ ఒక వాఙ్మయం అనాథగా మిగిలినది. అక్షరం రాని తండ్రి, అక్షరం వచ్చిన బిడ్డ, పల్లవి ఎత్తుకొన్న తల్లి కలిసి రెండువందల ఏండ్లుగా కాపాడుకొన్న తెలుగు అది. మతం ఏదైనను, ఆ భాష తెలుగువారందరిదీ. దానిని వినవలసిన బాధ్యతయు వారందరిదే.